బేత్లెహేములో రెండు రాత్రులు: యెరూషలేము యాత్రలు నడిపే పాస్టర్లకు, టూర్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యలకు, అమ్మలకు వందనాలు.

పోయిన వారం మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక కరపత్రం వచ్చింది. పరిశుద్ధ దేశ యాత్ర మళ్ళీ మొదలైందని పైన పెద్దక్షరాలు. జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు, పది రోజులు, మూడు పూటలా మన భోజనం, గుంపు వెంట పాస్టరుగారు. గాజా యుద్ధం వల్ల ఆగిపోయిన యాత్రలు మళ్ళీ కదులుతున్నాయంటే నాకూ సంతోషమే. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని కూర్చున్నాను కూడా. అయితే ఆ కరపత్రం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. యెరూషలేము అన్ని మతాలవారూ స్వేచ్ఛగా వచ్చి ప్రార్థన చేసుకునే శాంతి నగరమట. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

నేను గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. పుట్టింది లూథరన్ సంఘంలో, పెళ్ళయిందీ అందులోనే. 2019 ఏప్రిల్‌లో మీలో ఒకరి టూర్‌లోనే వెళ్ళి వచ్చాను. ఎవరిదో రాయను. వాళ్ళు మమ్మల్ని బాగానే చూసుకున్నారు, నిమ్మకాయ పచ్చడి సీసాతో సహా. నా ఫిర్యాదు వాళ్ళ ఒక్కరి మీద కాదు. మనందరం కలిసి అలవాటు చేసుకున్న ఒక పద్ధతి మీద.

ఆ టూర్‌లో బేత్లెహేముకి ఇచ్చింది ఒక పూట. పొద్దున యెరూషలేములో బస్సెక్కాం, చెక్‌పోస్టుకి కాస్త ముందు మా గైడు దిగిపోయాడు. బేత్లెహేము పాలస్తీనా పాలనలో ఉన్న ఊరు, ఇజ్రాయెలీ పౌరులు ఆ ఊళ్ళోకి వెళ్ళకూడదని ఇజ్రాయెల్ సైన్యం ఉత్తర్వు. రోడ్డు పక్కన ఎర్ర బోర్డు మీద మూడు భాషల్లో రాసి ఉంటుంది. అవతల ఇంకో గైడు ఎక్కాడు. వెళ్ళేటప్పుడు ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. వచ్చేటప్పుడు తుపాకీ తగిలించుకున్న ఒక అమ్మాయి బస్సెక్కింది, ఇరవై ఏళ్ళుంటాయేమో. మేం నలభై రెండు మందిమి. ముందు రెండు వరసలు చూసి "ఇండియా?" అంది. పాస్టరమ్మగారు "ఇండియా, ఇండియా" అన్నారు. ఆ పిల్ల నవ్వి దిగిపోయింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

నేను కిటికీ పక్కన కూర్చున్నాను. బేత్లెహేముని యెరూషలేము నుంచి వేరుచేసే గోడ వెంబడి పొడుగ్గా ఇనుప చువ్వల నడవా, పైన రేకు. అందులో మనుషులు ఒకరి వెనక ఒకరు. తిరుమల క్యూలైన్లు టీవీలోనైనా చూసినవాళ్ళకి ఆ చువ్వలు కొత్తేమీ కాదు. కాకపోతే తిరుమలలో ఎంత ఆలస్యమైనా చివరికి దర్శనం ఖాయం. ఇక్కడ చివర్లో ఉన్న తిరుగుడు గేటు తెరుచుకుంటుందో లేదో, వేలిముద్ర పెట్టిన తర్వాత కూడా తెలీదు. మా బస్సులో అప్పటికే పాట మొదలైంది. నేనూ గొంతు కలిపాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ చువ్వల మధ్య నిలబడ్డవాళ్ళ గురించి నాకు అప్పటికి ఒక గంట ముందే కొంత తెలిసింది. క్రీస్తు జనన మందిరంలో ఆ చిన్న గుమ్మం ఉంది చూశారా, నడుం పూర్తిగా వంచితే తప్ప లోపలికి వెళ్ళలేం, అందులోంచి బయటికొచ్చాక మా వాళ్ళందరినీ ఒక పెద్ద కొట్లోకి తీసుకెళ్ళారు. మన బస్సులు ఏ కొట్టు ముందు ఆగాలో ముందే నిర్ణయమై ఉంటుంది, ఎందుకో మీకు నాకంటే బాగా తెలుసు. నాకు కొనాల్సిందేమీ లేదు. దగ్గర్లో లూథరన్ గుడి ఉందని విని, పాస్టరమ్మగారికి చెప్పి సందు వెంట పైకి నడిచాను. క్రిస్మస్ చర్చి అంటారు దాన్ని. 1893లో కట్టడం పూర్తయింది. గుంటూరులో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో దిగాడని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినదాన్ని, యేసు పుట్టిన ఊళ్ళో మన సంఘం గుడి మన కంటే యాభై ఏళ్ళు చిన్నదని తెలిసి కొంచెం గర్వపడ్డాను కూడా. చిన్న గర్వం, క్షమించాలి.

గుడి తలుపు వేసి ఉంది. పక్కన చిన్న దుకాణంలో ఒకాయన ఒలీవ కర్రతో గాడిద బొమ్మ చెక్కుతున్నాడు. నేను ఇండియా నుంచి వచ్చిన లూథరన్‌నని చెప్పగానే స్టూలు వేసి కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. ఆయనా ఆ సంఘం వాడే. యెరూషలేములో యేసు సమాధి మీద కట్టిన పరిశుద్ధ సమాధి మందిరం చూశారా అని అడిగాడు. చూశాం, రేపు ఇంకోసారి తీసుకెళ్తామన్నారు అన్నాను. ఆయన ఉలి పక్కన పెట్టి, తను ఆ మందిరంలోకి అడుగుపెట్టి పదకొండేళ్ళయిందని చెప్పాడు.

బేత్లెహేము నుంచి ఆ మందిరానికి తొమ్మిది పది కిలోమీటర్లు. గుంటూరు నుంచి పెదకాకాని ఎంతో, ఇంచుమించు అంత. నేను నాలుగున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు ఎగిరి వచ్చి రెండుసార్లు చూస్తున్నాను.

ఆయన సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. మన ఇళ్ళల్లో రేషన్ కార్డు దాచుకున్నట్టు దాచాడు. అందులో మడతలు పడ్డ కాగితం. పైన హీబ్రూ, కింద అరబిక్. ఈస్టరుకి ఇచ్చిన పర్మిట్. ఉదయం అయిదు నుంచి రాత్రి పది దాకా చెల్లుతుంది. పనేమిటి అన్న చోట మతపరమైన అవసరం అని ఉందట. కాగితం ఆయనది కాదు, వాళ్ళావిడది. ఇంట్లో అయిదుగురు అర్జీ పెట్టుకుంటే తల్లికి, భార్యకి, చిన్న కొడుక్కి వచ్చింది. ఆయనకీ పెద్ద కొడుక్కీ రాలేదు. ఎందుకు రాలేదని అడిగాను. సోషల్ టీచరు బుద్ధి, కారణం లేకుండా దేన్నీ వదలలేదు. భద్రతా కారణాలంటారు, అంతకంటే ఏమీ చెప్పరు అన్నాడు. అడిగీ అడిగీ అరిగిపోయిన మనిషి గొంతు అది. కోపం కూడా లేదు.

ఆ కాగితం ఎవరిస్తారో కూడా మన టూర్లలో ఎవరూ చెప్పరు. బేత్లెహేము ఉన్న, యొర్దాను నదికి పడమటి పాలస్తీనా ప్రాంతాన్ని వెస్ట్ బ్యాంక్ అంటారు. అక్కడ పాలస్తీనీయుల రాకపోకలకి అనుమతులిచ్చే ఇజ్రాయెల్ ఆఫీసు పేరు సివిల్ అడ్మినిస్ట్రేషన్. పేరులో సివిల్ ఉంది గానీ అది సైన్యంలో భాగం. గుడికి వెళ్ళడానికి సైన్యం దగ్గర పర్మిషన్. వచ్చినా సొంత కారులో వెళ్ళడానికి లేదు, నడిచి గేటు దాటాలి, రాత్రికి తిరిగి రావాలి.

ఇదంతా ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటనుకుంటారు చాలామంది. కాదు. 1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్ తూర్పు యెరూషలేమునీ వెస్ట్ బ్యాంక్‌నీ పట్టుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బేత్లెహేము వాళ్ళు బస్సెక్కి యెరూషలేము వెళ్ళొచ్చేవారు. ఆదివారం ఆరాధనకి వెళ్ళి, కూరగాయలు కొనుక్కుని, మధ్యాహ్నానికి ఇంటికి చేరేవారు. 1991లో గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఆ సాధారణ అనుమతి రద్దు చేశారు. 1993 మార్చిలో చెక్‌పోస్టులు పక్కా అయ్యాయి. 2002 నుంచి గోడ లేచింది. బేత్లెహేము దగ్గర అది ఎనిమిది మీటర్ల కాంక్రీటు. రాహేలు సమాధి ఉందే, ఆదికాండంలో యాకోబు తన భార్యని దారి పక్కన పాతిపెట్టి స్తంభం నిలిపిన చోటు, అది బేత్లెహేము ఊరి అంచునే ఉంది. గోడని అక్కడ వంకర తిప్పి, సమాధిని యెరూషలేము వైపు చేర్చేశారు. బేత్లెహేము వైపు నుంచి చూస్తే రాహేలు లేదు, గోడే ఉంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి, లేకపోతే నేను మా పిల్లలకి చెప్పిన పాఠాలకి నేనే ద్రోహం చేసినదాన్నవుతాను. ఈ నగరంలో మొదట తలుపు మూసింది ఇజ్రాయెల్ కాదు. 1948 యుద్ధం తర్వాత నగరం రెండు ముక్కలైంది. పాత నగరం జోర్డాన్ చేతిలోకి పోయింది. 1949 ఏప్రిల్ 3న రాసుకున్న యుద్ధ విరమణ ఒప్పందం 8వ అధికరణంలో పవిత్ర స్థలాలకి వెళ్ళే స్వేచ్ఛ గురించీ, ఒలీవల కొండ మీది యూదుల శ్మశానం గురించీ ఏర్పాట్లు చేసుకుంటామని ఉంది. అవి కాగితం మీదే ఉండిపోయాయి. పద్దెనిమిదేళ్ళ పైన యూదులు పాత నగరంలో తమకి పవిత్రమైన పశ్చిమ గోడని ఆనుకుని ప్రార్థన చేయలేకపోయారు. ఒలీవల కొండ మీది సమాధి రాళ్ళని పీకి మెట్లకీ గోడలకీ వాడారు. ఇజ్రాయెల్‌లో ఉన్న అరబ్బు క్రైస్తవులకి క్రిస్మస్‌కి మాత్రం అనుమతి దొరికేది, నగరం రెండు ముక్కల మధ్య ఉన్న మాండెల్‌బామ్ గేటు దాటి బేత్లెహేము వెళ్ళి వెంటనే తిరిగి రావాలి. ఆ గేటు దగ్గర ఏడ్చుకుంటూ కలిసి ఏడ్చుకుంటూ విడిపోయిన కుటుంబాలెన్నో.

మరి ఆ బాధ అనుభవించినవాళ్ళకే తలుపు మూయడం ఎలా చేతనైంది? నాకు ఇప్పటికీ అర్థం కాదు. 1967లో పశ్చిమ గోడ చేతికొచ్చిన కొద్ది రోజుల్లోనే దాని ముందున్న మొరాకో పేట ఇళ్ళు, నూటికి పైగా, ఒక రాత్రి పడగొట్టడం మొదలుపెట్టి మైదానం చేశారు. మనం నిలబడి ఫోటోలు దిగే చోటు అదే. మా గైడు ఆ సంగతి చెప్పలేదు. జోర్డాన్ కాలంలో జరిగింది మాత్రం చెప్పాడు. రెండూ చెప్పి ఉండాల్సింది.

అదే జూన్ 27న ఇజ్రాయెల్ పార్లమెంటు పవిత్ర స్థలాల రక్షణకి ఒక చట్టం చేసింది. పవిత్ర స్థలాన్ని అపవిత్రం చేస్తే ఏడేళ్ళ జైలు. ఏ మతంవాళ్ళయినా తమ పవిత్ర స్థలానికి వెళ్ళే స్వేచ్ఛకి అడ్డుపడితే అయిదేళ్ళు. మంచి చట్టం. మన కరపత్రంలోని వాక్యం దీన్ని చూసే రాసి ఉంటారు. కానీ ఆ చట్టం చెక్‌పోస్టు దాకా వచ్చి ఆగిపోతుంది. మందిరం గుమ్మంలో నిలబడి ఎవరినైనా ఆపితే నేరం, తొమ్మిది కిలోమీటర్ల అవతల ఆపితే పరిపాలన.

భద్రత అన్న మాటని నేను కొట్టిపారేయను. రెండో ఇంతిఫాదా, అంటే 2000లో మొదలైన పాలస్తీనీయుల తిరుగుబాటు రోజుల్లో యెరూషలేము బస్సుల్లో బాంబులు పేలి పిల్లలు చనిపోయారు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడిలో ఏం జరిగిందో ప్రపంచమంతా చూసింది. ఆయుధంతో వచ్చేవాణ్ణి ఆపమనే ఎవరైనా అంటారు. కానీ ఒకడు ప్రమాదకరమా కాదా అని చూసి ఆపడం వేరు, అందరినీ ముందే ఆపేసి పండక్కి కొందరికి గేటు తీయడం వేరు. తల్లికి ఇచ్చి కొడుక్కి ఇవ్వకపోవడంలో ఏ లెక్క ఉందో ఒలీవ కర్ర చెక్కే ఆయనకి ఎవరూ చెప్పలేదు. 2004లోనే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమిత భూమిలో కట్టిన ఆ గోడ చట్టవిరుద్ధమని సలహా తీర్పు ఇచ్చింది. 2024 జూలై 19న ఆ ఆక్రమణ కొనసాగడమే చట్టవిరుద్ధమంది. మనం తీర్పులు చెప్పేవాళ్ళం కాదు, ప్రార్థనకి వెళ్ళేవాళ్ళం, నిజమే. కానీ పక్కవాడి ప్రార్థన ఆగిపోయిందని తెలిశాక ఊరుకోవడం ఎలా?

మట్టలాదివారం నాడు మేం ఒలీవల కొండ మీద ఊరేగింపులో నడిచాం. బేత్ఫగేలో మొదలై, కొండ దిగి, గెత్సేమనే పక్క నుంచి సింహ ద్వారం గుండా పాత నగరంలోకి. మన దగ్గర ఈత మట్టలు పట్టుకుంటాం, అక్కడ పొడుగాటి ఖర్జూర మట్టలు. ఫిలిప్పీన్స్ వాళ్ళు, పోలండ్ వాళ్ళు, కేరళ నర్సులు, మేము. మధ్యమధ్యలో ఊళ్ళ పేర్లు రాసిన బోర్డులు పట్టుకుని స్థానిక సంఘాలు. బేత్లెహేము బోర్డు కనపడగానే నేను ఆ కొట్టాయన భార్య కోసం వెతికాను. ఆ జనంలో ఎక్కడ దొరుకుతుంది? ఒక ముసలామె మాత్రం గుర్తుంది. పర్మిట్ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, జాకెట్టుకి లోపలి వైపు పిన్నీసుతో గుచ్చుకుంది. మా అమ్మ బస్సు ప్రయాణాల్లో డబ్బులు అలాగే పెట్టుకునేది. కొండ మలుపులో పాత నగరం మొత్తం కనపడే చోట ఆమె ఆగి, ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని నగరం వైపు తిప్పి పట్టుకుంది. తెరమీద ఒక కుర్రాడి మొహం. వెనక నుంచి జనం తోస్తున్నా ఆమె కదల్లేదు. మా గుంపు ముందుకెళ్ళిపోయింది, నేనూ వెళ్ళిపోయాను.

మా స్కూల్లో లెక్కల మాస్టారు ఉండేవారు. నమాజు తప్పని మనిషి. నేను తిరిగొచ్చాక మొదట అడిగిన ప్రశ్న, యెరూషలేములోని అల్ అక్సా మసీదు లోపలికి వెళ్ళారా అని. ప్రాంగణంలోకి వెళ్ళాం, ముస్లింలు కానివాళ్ళకి కొన్ని గంటలే, ఒకే ద్వారం, ప్రార్థన చేయకూడదు, మసీదు లోపలికి ప్రవేశం లేదు అని చెప్పాను. సబబే అన్నారు. 1917 డిసెంబరులో బ్రిటిష్ జనరల్ అలెన్‌బీ యెరూషలేములో కాలుపెట్టినప్పుడు ఆ ప్రాంగణం చుట్టూ కాపలా పెట్టింది మన భారతీయ ముస్లిం సైనికులనేనని చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. ఈ మధ్య ఆయన్ని కలిసినప్పుడు ఇంకో లెక్క చెప్పాను. 2024 రంజాన్ శుక్రవారాలకి వెస్ట్ బ్యాంక్ నుంచి మగవాళ్ళలో యాభై అయిదు దాటినవాళ్ళని, ఆడవాళ్ళలో యాభై దాటినవాళ్ళని, పదేళ్ళ లోపు పిల్లల్ని మాత్రమే, అదీ పర్మిట్ ఉంటేనే రానిచ్చారు. మాస్టారు కాసేపు ఆలోచించి, "అంటే నేను వెళ్ళొచ్చు, నా మనవడు వెళ్ళొచ్చు, మధ్యలో మావాడు చెక్‌పోస్టు దగ్గర నిలబడతాడు" అన్నారు. లెక్క సరిగ్గానే వేశారు.

వెస్ట్ బ్యాంక్‌లోనే ఉన్న హెబ్రోను గురించి మీ ప్రోగ్రాముల్లో ఎక్కడా ఉండదు, కాబట్టి క్లుప్తంగా రాస్తాను. అబ్రాహాము నాలుగు వందల తులముల వెండి పోసి శారాను పాతిపెట్టడానికి కొన్న మక్పేలా గుహ అక్కడే. దాని మీది కట్టడం మసీదుగా ఉండేది, వందల ఏళ్ళపాటు యూదుల్ని బయటి మెట్లలో ఏడో మెట్టు దాటి పైకి రానిచ్చేవారు కాదు. 1929 అల్లర్లలో అరవై ఏడు మంది యూదుల్ని ఆ ఊళ్ళో చంపారు. 1994 ఫిబ్రవరి 25న, రంజాన్ నెలలో, ఆక్రమిత భూమిలో కట్టిన కాలనీలో ఉండే ఒక యూదు సెటిలరు అక్కడ నమాజు చేస్తున్నవాళ్ళ వెనక నిలబడి కాల్చి ఇరవై తొమ్మిది మందిని చంపాడు. ఆ తర్వాత కట్టడాన్ని లోపలే రెండుగా పంచారు, ఒక వైపు మసీదు, ఒక వైపు సినగాగు, ఏడాదికి పది రోజులు మొత్తం వీళ్ళకి, పది రోజులు మొత్తం వాళ్ళకి. 1997లో ఊరినే రెండు చేశారు, ఒక భాగం పాలస్తీనా చేతిలో, ఒక భాగం ఇజ్రాయెల్ సైన్యం చేతిలో. చచ్చిపోయినవాళ్ళ వైపు వాళ్ళే తమ మసీదుకి చెక్‌పోస్టుల గుండా వెళ్తున్నారు. అబ్రాహాము ఆ పొలం ధర పూర్తిగా చెల్లించాడని ఆదికాండం అంత వివరంగా ఎందుకు రాసిందో ఆ ఊరి సంగతి చదివినప్పుడల్లా గుర్తొస్తుంది.

పరిశుద్ధ సమాధి మందిరం తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర, తలుపు తీసే హక్కు ఇంకో ముస్లిం కుటుంబం దగ్గర ఉన్నాయనీ, క్రైస్తవ శాఖలు తమలో తాము కొట్టుకోకుండా శతాబ్దాల నుంచి అలా నడుస్తోందనీ మా గైడు చాలా అందంగా చెప్పాడు. కిటికీ కింద ఎవరూ కదపలేని నిచ్చెన కూడా చూపించాడు. అందరం నవ్వాం, ఫోటోలు తీశాం. నిజంగా ముచ్చటైన కథ. కాకపోతే ఇప్పుడు అసలు తాళం ఆ గుమ్మం దగ్గర కాదు, పోలీసుల బారికేడ్ల దగ్గర ఉంది. ఆర్థడాక్స్ వాళ్ళ ఈస్టరుకి ముందు రోజు, పవిత్రాగ్ని శనివారం నాడు 2023లో పోలీసులు లోపలికి 1,800 మందినే అనుమతించారు. ఒకే గుమ్మం ఉన్న కట్టడం, తొక్కిసలాట భయం, ఒప్పుకుంటాను. అయినా పాత నగరంలో పుట్టి పెరిగినవాళ్ళు తమ వీధి చివర బారికేడ్ దగ్గర ఆగిపోయారు.

ఇక మన సంగతి. మన యాత్ర మన డబ్బుతోనే నడవడం లేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్ర సాయాన్ని పెంచింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి 40,000 నుంచి 60,000 రూపాయలు, ఆపైన ఉన్నవాళ్ళకి 20,000 నుంచి 30,000. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు వెళ్ళలేని గుడికి మనల్ని పంపడానికి మన ప్రభుత్వం డబ్బులిచ్చింది. సాయం తప్పని అనడం లేదు. మా వీధిలో ఇళ్ళల్లో పాచిపని చేసుకునే ఒకామె ఆ డబ్బుతోనే వెళ్ళొచ్చి, యొర్దాను నీళ్ళ సీసా ఇప్పటికీ గూట్లో పెట్టుకుంది. నేననేదల్లా, అంత సులభంగా వెళ్ళొస్తున్నవాళ్ళకి కొంత బాధ్యత ఉంటుందనే.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మొదట ఆ వాక్యం తీసేయండి. దాని బదులు ఏం రాయాలో తెలియకపోతే ఏమీ రాయొద్దు, ఖాళీ ఉన్నా నష్టం లేదు. బయల్దేరే ముందు మీరు పెట్టే మీటింగులో చలికోటు, షూస్, డాలర్ల గురించి గంట చెబుతారు. అందులో పది నిమిషాలు చెక్‌పోస్టు అంటే ఏమిటో, అటువైపు ఎవరుంటారో చెప్పండి. మనవాళ్ళలో చాలామందికి పాలస్తీనాలో క్రైస్తవులు ఉన్నారన్న సంగతే తెలీదు. నాకూ తెలీదు అప్పటిదాకా, సోషల్ టీచర్నయి ఉండి. వాళ్ళు నిన్న మొన్న మతం మారినవాళ్ళని ఒకరిద్దరు బస్సులో అన్నారు కూడా. పెంతెకొస్తు దినాన యెరూషలేములో ఉన్నవాళ్ళ జాబితాలో అరబీయులు ఉన్నారు, అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయం తీసి చూసుకోవచ్చు.

రెండోది, ఇది మీకు కొంచెం కష్టం. బేత్లెహేములో ఒక పూట కాదు, రెండు రాత్రులు పెట్టండి. అక్కడ, పక్కనే బేత్ జాలాలో హోటళ్ళున్నాయి, యెరూషలేము కంటే చవక కూడా. యెరూషలేములో పడుకుని, అక్కడి నుంచి వచ్చి, గంటన్నర చూసి పారిపోతే ఆ ఊరికి మిగిలేది బస్సు పొగే. 2023, 2024 క్రిస్మస్‌లకి జనన మందిరం ముందున్న మేంజర్ స్క్వేర్‌లో క్రిస్మస్ చెట్టు కూడా పెట్టలేదు వాళ్ళు. 2025 డిసెంబరులో మళ్ళీ వెలిగించారు. ఆదివారం ఉండేలా చూసుకుంటే అక్కడి సంఘంతో కూర్చుని ఆరాధన చేయొచ్చు. అరబిక్ రాకపోతే ఏం, పాట రాగం మనకి తెలిసిందే. మన బస్సులో మనమే పాడుకుంటూ, మన పాస్టరుగారే వాక్యం చెబుతూ పది రోజులు తిరిగి రావడానికి అంత దూరం పోవాలా?

పాస్టరుగార్లకి, బిషప్పుగార్లకి ఇంకో విన్నపం. ఇజ్రాయెల్ పర్యాటక శాఖవాళ్ళు మన దేశానికి వచ్చి టూర్లవాళ్ళతో సమావేశాలు పెడతారు. ఎంతమందిని పంపుతారు, వీసా ఎంత త్వరగా ఇస్తాం, గుంపుకి ఏం తగ్గిస్తాం అని మాట్లాడుకుంటారు. ఆ బల్ల దగ్గర మీ మాటకి విలువుంది, ఎందుకంటే మీ వెనక బస్సుల కొద్దీ మనుషులున్నారు. అక్కడ ఒక్క ప్రశ్న వేయండి. మా వీసాలు సరే, బేత్లెహేము సంఘంవాళ్ళ ఈస్టరు పర్మిట్లు ఎప్పుడిస్తారు? కుటుంబాన్ని చీల్చకుండా ఇస్తారా? అడిగితే టూర్ ఆపేస్తారన్న భయం వద్దు. యాత్రికులు రావాలని వాళ్ళు మనకంటే ఎక్కువ ఎదురు చూస్తున్నారు. ముస్లింల తరఫున కూడా అడగండి. హైదరాబాదులో బైతుల్ ముఖద్దస్ (ముస్లింలు యెరూషలేముని పిలిచే పేరు) యాత్రలు నడిపేవాళ్ళతో కలిసి ఒకే ఉత్తరం రాస్తే ఇంకా మంచిది. లెక్కల మాస్టారూ నేనూ ఒకే స్టాఫ్ రూములో పాతికేళ్ళు టిఫిన్ పంచుకున్నాం, మీరు ఒక కాగితం మీద సంతకాలు పెట్టలేరా?

నాకు ఇలాంటి ఉత్తరాల వల్ల చెడ్డపేరు వస్తుందని మావారు అంటున్నారు. యూదుల్ని తిట్టావనే వాళ్ళు కొందరు, పాలస్తీనా వాళ్ళని చంపిన సంగతి దాచావనే వాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళకి నా సమాధానం పైన రాసిందే, మళ్ళీ ఇంకోసారి చదవమని చెప్పడం తప్ప వేరే లేదు.

ఒలీవ కర్ర చెక్కే ఆయన అప్పుడప్పుడూ మెసేజ్ పెడతాడు. కరోనాలో కొట్టు మూశాడు, తెరిచాడు, యుద్ధంలో మళ్ళీ మూశాడు. 2023 అక్టోబరు తర్వాత పర్మిట్లు చాలా వరకు ఆగిపోయాయి, వాళ్ళావిడకి కూడా. తల్లి పోయింది. పెద్ద కొడుకు చిలీలో మేనమామ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు చెక్కుతున్న గాడిద బొమ్మ ఆయన నాకు అమ్మలేదు, ఊరికే ఇచ్చాడు. ఒక చెవి పూర్తికాలేదు, బస్సుకి టైమైందని నేనే తొందరపెట్టాను. మళ్ళీ వచ్చినప్పుడు తెమ్మన్నాడు, రెండో చెవి చెక్కి ఇస్తానని.

మార్చిన ప్రోగ్రాము పంపండి. బేత్లెహేములో రెండు రాత్రులు ఉంటే అడ్వాన్సు అదే రోజు కడతాను, కిటికీ పక్క సీటు అడగను.

వందనాలతో,
గుంటూరు జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచర్